రామేశ్వరం జీపులో చోటు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున నా మేనకోడలు హిమజ కడప నుంచి కర్నూలుకు, మా ఇంటికి వచ్చింది. మా తమ్ముడి కూతురు. కడపలో బ్యాంకు ఉద్యోగం. భర్త మహేశ్ తుమ్మలపల్లె గనిలో ఇంజనీరు. అతనికి ఫిబ్రవరిలో పది రోజులు సెలవు దొరికిందట, శ్రీలంకకు పోతున్నారట, సముద్రం ఒడ్డు వెంబడి దీవి దక్షిణపు కొస దాకా బండిలో ప్రయాణమట. ఉగ్గాని తింటూనే బజ్జీల పళ్ళెం పక్కకు జరిపి, ల్యాప్‌టాప్ తెరిచి నాకు దారి మొత్తం చూపించింది. నెగొంబోలో దిగి ఒక రాత్రి నిద్ర, అక్కడి నుంచి బెంతోట, హిక్కడువ, గాలె కోట, మిరిస్స, మాతర, చివర దొంద్రలో దీపస్తంభం. పోయేటప్పుడు సముద్రం కుడిచేతి వైపు ఉంటుంది కాబట్టి పిల్లల్ని కుడివైపు కూర్చోబెట్టాలని రాసుకుంది. రోడ్డుకూ నీళ్ళకూ మధ్య రైలు పట్టాలు ఎక్కడ వస్తాయో, తాబేళ్ళు ఒడ్డుకు వచ్చే చోటు ఏదో, ఎర్ర కొబ్బరి బోండాలు ఎక్కడ ఆగి తాగాలో అన్నీ దానికి తెలుసు. ఒక్కసారి కూడా చూడని ఊళ్ళ గురించి పుట్టి పెరిగిన ఊరి గురించి చెప్పినట్టు చెబుతోంది. మూడు నెలలుగా ఆఫీసు నుంచి వచ్చి, వంట ముగించి, ఇదే పనిగా కూర్చుందట.

బండిలో ఎంతమంది అని అడిగాను. మహేశ్, ఇద్దరు పిల్లలు, మహేశ్ వాళ్ళ అన్న, వదిన, వాళ్ళ ఇద్దరు పిల్లలు అని వేళ్ళు ముడిచింది. ఏడుగురు. మరి నువ్వు అన్నాను. బజ్జీ తుంచుకుంటూ, అదేదో చిన్న విషయమైనట్టు చెప్పింది.

"నేను పోవడం లేదత్తా. మా అత్తకు మోకాలు ఆపరేషనై రెండు నెల్లు కూడా కాలే. ఒక్కదాన్నే ఎట్ల ఇడిసి పోతా? మళ్ళా ఎప్పుడైనా పోతాలే."

ఆ చివరి మాట విన్నాక నా చేతిలో కాఫీ లోటా అట్లాగే ఉండిపోయింది. అదే మాట, అంత తేలిగ్గానే, మా అమ్మ నోటి నుంచి నేను విన్నాను. హిమజ ఇంకా ఏదో చెబుతూనే ఉంది గానీ నా మనసు పత్తికొండ దగ్గర మా ఊళ్ళో, నాపరాళ్ళు పరిచిన పాత ఇంట్లో, నేను పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న ఎండాకాలంలో ఉంది.

మా ఇల్లు పెద్దదే గానీ చల్లనిది కాదు. మధ్యాహ్నమయ్యేసరికి గోడలు సెగలు కక్కేవి. నేల మీది నల్లబండలు మాత్రం తడిగుడ్డ పెట్టి తుడిస్తే కాసేపు చల్లగా ఉండేవి. ఆ తడిబండ వాసన, వంటింట్లోంచి చెనిక్కాయలు వేయించే వాసన, పెరట్లోంచి బర్రెల వాసన కలిసి వస్తే అదే మా ఇంటి వాసన. అన్నాలయ్యాక మా నాయన వరండాలో బండ మీద పంచె పరుచుకుని పడుకునేవాడు, పక్కనే మా జేజి గోడకు ఆనుకుని వక్కలు కత్తిరిస్తూ కూర్చునేది. జేజి అంటే నాయన వాళ్ళ అమ్మ. మాట తక్కువ, చూపు ఎక్కువ. మా చిన్నాయన, చిన్నమ్మ, వాళ్ళ ఇద్దరు చిన్నపిల్లలు కూడా అదే ఇంట్లో ఉండేవాళ్ళు. అమ్మ పేరు ఓబులమ్మ. ఆమె ఆ వేళ పడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. అందరూ నడుం వాల్చినప్పుడు ఆమె బిందె తీసుకుని రెండు వీధుల అవతలి బోరింగు దగ్గరికి పోయేది. ఆ వేళకు అక్కడ జనం ఉండరు, తొందరగా వంతు వస్తుందని. మా పెరటి బావిలో నీళ్ళు ఉప్పగా ఉండేవి, గొడ్లకు తప్ప పనికిరావు. తాగే నీళ్ళు మా ఇంటికి అమ్మ నడుము మీదనే వచ్చేవి.

అంతకు ముందటి ఏడు మా జేజెబ్బ, అంటే జేజి భర్త, పోయాడు. ఆయన పేరు మీద రామేశ్వరంలో సముద్ర స్నానం చేయాలని జేజి కోరిక. అప్పటికి మా ఇంట్లో ఎవరూ సముద్రం చూడలేదు. రామేశ్వరం దీవి అనీ, అక్కడికి రైల్లో తప్ప పోలేమనీ మాత్రం విన్నారు. మా ఎదురింటి ఖాదర్ మామ లారీ డ్రైవరు. మా ఉల్లిగడ్డలు మధురై దాకా తోలేవాడు. ఆ ఎండాకాలం ఆయన ఒక కొత్త మాట తెచ్చాడు. దీవికి సముద్రం మీద రోడ్డు వంతెన కట్టారు, లారీలు కూడా పోతున్నాయి, తానే ఉల్లిగడ్డల లోడుతో దాటి వచ్చానని. మా నాయన పంచె మీది నుంచి లేచి కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి మా వరండా ప్రయాణాల ఆఫీసు అయింది. మధ్యాహ్నం కాగానే ఖాదర్ మామ బీడీ కట్టతో వచ్చేవాడు. నాయన దారి అడిగేవాడు, ఆయన చెప్పేవాడు, చిన్నాయన మధ్యలో అనుమానాలు లేపేవాడు. ఒకరోజు మాటల్లో చెప్పి చెప్పి విసిగి, నా సుద్దముక్క తీసుకుని ఖాదర్ మామ నల్లబండ మీదనే పటం గీశాడు. ఇది మండపం, ఇది వంతెన, ఇది దీవి, ఇదిగో ఈ తోక మాదిరి సన్నగా పోయేది ధనుష్కోడి, దీనికి ఈ పక్క ఒక సముద్రం, ఆ పక్క ఇంకొక సముద్రం. ఒడ్డెంబడి పోతాంటే రెండు పక్కలా నీళ్ళే కనిపిస్తాయని చేతులు చాపి చూపించాడు. జేజి వక్కలు కత్తిరించడం ఆపి, అంత నీళ్ళ మధ్య మనుషులు ఏం తాగుతారు అని అడిగింది. అప్పుడు ఆయన చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది.

"ఇసుకలో చేత్తో తోడితే సాలు జేజీ, తియ్యటి నీళ్ళు ఊరతాయి. సముద్రం ఆడనే మూడు బారల దూరం ఉండాది. నేను తాగినా."

తలుపు వెనక గాజుల చప్పుడు అయింది. అమ్మ అక్కడే నిలబడి వింటోంది. మగవాళ్ళ ముందుకు వచ్చి మాట్లాడే అలవాటు లేదు. నన్ను సైగ చేసి పిలిచి, ఆ నీళ్ళ మాట ఇంకొకసారి చెప్పమని అడగమంది. ఖాదర్ మామ నవ్వి, తలుపు వైపు చూడకుండానే, ఈసారి ఇంకొంచెం గట్టిగా మళ్ళీ చెప్పాడు. ఆ తర్వాత ప్రతిరోజూ అమ్మ బోరింగుకు పోవడం మానకుండానే, తిరిగివచ్చే దారిలో తలుపు వెనక ఆగేది. నా చేత ఒక్కొక్క ప్రశ్నే అడిగించేది. ఆడవాళ్ళు స్నానం చేసి బట్టలు మార్చుకునే చోటు ఉందా, దారిలో పొయ్యి పెట్టుకోవడానికి ఎక్కడ వీలవుతుంది, వంతెన మీద గాలికి చిన్నపిల్లలు భయపడతారా. నాయనకు ఆ ప్రశ్నలు తోచనే లేదు. పదిహేను రోజులయ్యేసరికి గుత్తి, అనంతపురం, కదిరి, మదనపల్లె, చిత్తూరు, వేలూరు, తిరువణ్ణామలై, తిరుచ్చి అంటూ రామనాథపురం దాకా ఊళ్ళన్నీ అమ్మ వరసగా చెప్పగలిగేది. బర్రె పాలు పిండుతూ గొణుక్కుంటుంటే నేను విన్నాను. బండలు తుడిచేటప్పుడు ఆ సుద్ద పటం చుట్టూ తడిగుడ్డ తిప్పేది గానీ దాని మీద పెట్టేది కాదు. చిన్నమ్మ ఒకరోజు చూసి నవ్వితే, తుడిస్తే మళ్ళీ గీయాల గదా అని ఊరుకుంది.

పత్తికొండలో ఒక జీపు మాట్లాడారు. వెనక ఎదురెదురు సీట్లు ఉండే పాత జీపు. డ్రైవరు పక్కన నాయన, చిన్నాయన. వెనక జేజి, చిన్నమ్మ, ఆమె ఇద్దరు పిల్లలు, తమ్ముడు, నేను, అమ్మ అని నేననుకున్నాను. వంటపాత్రలు, బియ్యం మూట, పరుపు చుట్టలు పెడితే ఒక మనిషి చోటు తగ్గుతుందని తేలింది. బయలుదేరడానికి మూడు రోజుల ముందు, అన్నాల దగ్గర, గొడ్ల కాడ ఎవరుంటారు అని జేజి అడిగింది. రెండు బర్రెలు పాలిస్తున్నాయి, ఒకటి ఈనడానికి వచ్చింది. నాయన ముద్ద కలుపుకుంటూ, "ఓబులమ్మ ఉంటాది గదా" అన్నాడు. అమ్మ నాయన విస్తరిలో చారు పోస్తోంది. ఆ గరిటె ఒక్క క్షణం ఆగి, మళ్ళీ వంగింది. అంతే.

నాయన చెడ్డవాడు కాదు. అమ్మను ఒక మాట అని ఎరగడు. వద్దు అనలేదు, రావద్దు అనలేదు, అసలు అది అడగవలసిన విషయమని ఆయనకు తట్టలేదు. తట్టినది చిన్నమ్మకు. చెయ్యి కడుక్కుంటూ ఆమె, పాపకు పదో తరగతి అయిపోయె, గొడ్లను అది చూసుకోలేదా, పక్కింటి ముసలమ్మను తోడు పడుకోమంటే సరిపోతాది, అక్క వస్తే జేజికి ఆసరాగా ఉంటాది అంది. అందరూ నా వైపు చూశారు. నాకు పాలు పిండటం వచ్చు, గడ్డి వేయడం వచ్చు, వంట వచ్చు. ఇప్పటి నా వయసులో ఆ మాట వింటే అందులో తప్పేమీ కనిపించదు.  కానీ ఆ రోజు విస్తరి ముందు నుంచి లేచిపోయాను. సాయంత్రం దాకా గడ్డివాము చాటున కూర్చున్నాను, అన్నానికి పిలిచినా రాలేదు. చివరికి అమ్మే వచ్చింది. పక్కన కూర్చుని నా తలలో గడ్డిపరకలు తీస్తూ చెప్పింది.

"నువ్వే పో పాపా. నేను మళ్ళా ఎప్పుడైనా పోతాలే. ఒక్క పని చెయ్యి. ఆ ఇసుకలో నీళ్ళు నోట్లో పోసుకుని చూడు. నిజంగా తియ్యగుంటాయో లేదో నాకొచ్చి చెప్పు."

నేను సరే అన్నాను. వెంటనే లేచి అన్నం తిన్నాను, ఆకలిగా, తృప్తిగా. దాని గురించి ఇంకేమీ రాయలేను.

మిగిలిన మూడు రోజులు అమ్మకు వంగిన నడుము లేవలేదు. పది రోజులైనా చెడని పలుచటి జొన్నరొట్టెలు కట్టెల పొయ్యి మీద కాల్చి, ఆరబెట్టి, పంచెలో మూట కట్టింది. చెనిక్కాయల పొడి, నిప్పట్లు, చింతపండు పులుసు కలిపిన చిత్రాన్నం మొదటి రోజుకు. ప్రతి డబ్బా మీద సుద్దతో, ఏది ముందు తినాలో ఏది తర్వాత తినాలో గీతలు పెట్టింది. జీపు బయలుదేరే పొద్దున డ్రైవరు దగ్గరికి పోవడానికి సిగ్గుపడి, రామనాథపురం దాటినాక ఎడమకు తిరగాలని చెప్పమని నాతో అంది. నేను చెబితే డ్రైవరు, మీయమ్మ ఎప్పుడు పోయింది ఆ దారిన అని అడిగాడు. పోలేదన్నాను. జీపు కదిలాక వెనక్కి తిరిగి చూశాను. అప్పటికే అమ్మ బిందె చంకన పెట్టుకుంది.

ఆ ప్రయాణం గొప్పగా జరిగింది, అబద్ధమెందుకు. వంతెన ఎక్కినప్పుడు చిన్నపిల్లలు నిజంగానే భయపడి చిన్నమ్మ ఒడిలో తల దాచుకున్నారు. దీవి మీద ఒడ్డు వెంబడి పోతుంటే ఆ నీళ్ళ రంగు చూసి చిన్నాయన అంతటివాడు నోరెత్తలేదు. రోడ్డు అయిపోయాక ఇసుకలో వేరే బండి మాట్లాడుకుని ధనుష్కోడి దాకా పోయాం. కూలిన గోడలు, వలలు, గవ్వలు అమ్మే ఆడవాళ్ళు, మనిషిని తోసేసే గాలి. స్నానం రోజున జేజి చీలమండల లోతు నీళ్ళలో నిలబడి అంతకు మించి అడుగు వేయలేదు. అల వచ్చినప్పుడల్లా వెనక్కి జరిగేది. నాయన చెయ్యి పట్టుకున్నాడు గానీ ఆమెకు ధైర్యం చాలలేదు. కొంగు తడుపుకుని నెత్తిన చల్లుకుని బయటికి వచ్చేస్తూ, "ఓబులమ్మ వచ్చింటే బాగుండు" అంది. ప్రయాణం మొత్తంలో అమ్మ పేరు ఎత్తింది ఆమె ఒక్కతే. నాయన సముద్రం వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు.

తిరిగి వస్తూ వంతెన దాటి మండపంలో టీ తాగడానికి ఆగినప్పుడు నాకు ఇసుకలో నీళ్ళ సంగతి గుర్తుకొచ్చింది. ధనుష్కోడిలో గవ్వలు ఏరుకుంటూ శుభ్రంగా మర్చిపోయాను. నాయనతో చెప్పడానికి నోరు రాలేదు. ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం. అందరూ ఒక్కసారిగా మాట్లాడారు, వంతెన అంటే ఒకరు, గుడి అంటే ఒకరు, అమ్మ అందరికీ కాళ్ళకు నీళ్ళిస్తూ వింది. బర్రె ఈనింది, పెయ్యదూడ. ఆ మాట చెప్పడానికి ఆమెకు సందు దొరకలేదు, తమ్ముడు పెరట్లోకి పోయి చూసి వచ్చి చెప్పాడు. అందరూ పడుకున్నాక నా దగ్గరికి వచ్చి, తాగినావా అని అడిగింది. తాగినా, తియ్యగున్నాయి అన్నాను. నా ముఖంలోకి కాసేపు చూసి, అంత సముద్రం పక్కన, అని తనలో తాను అనుకుని, బిందె తీసుకుని పోయింది.

తర్వాత నేను చదువుకున్నాను, టీచరునయ్యాను, పెళ్ళయింది. మొదటి జీతంతో అమ్మను రామేశ్వరం తీసుకుపోతానన్నాను. అది మొదటి జీతంతో కాలేదు, పదో జీతంతో కాలేదు. పిల్లలు చిన్నవాళ్ళు, పరీక్షలు, బదిలీ. ప్రతి ఏడూ చెప్పేదాన్ని, ప్రతి ఏడూ ఆమె సరేలే అనేది. నాయన పోయిన రెండేళ్ళకు ఒక సెలవుల్లో ఊరికి పోతే అమ్మ వరండాలో చెనిక్కాయలు ఒలుస్తూ కూర్చుంది. ముఖం ఎండకు నల్లబడింది. ఏమయిందంటే, చేతిలో పని ఆపకుండానే చెప్పింది, రామేశ్వరం పోయి వచ్చానని. ఊళ్ళో ఆడవాళ్ళంతా కలిసి బస్సులో మహానందికి పోయారట, కోనేట్లో మునిగి బయటికి వస్తుంటే బస్సు డ్రైవరు, ఇట్లనే రామేశ్వరం పోదామా అవ్వా అన్నాడట, ఎవరూ మాట్లాడకముందే తాను పోదాం పదప్పా అందట. మిగతావాళ్ళు నవ్వి సరేనన్నారట.

"ఆ నీళ్ళు తాగినా. రవ్వంత ఉప్పగుండాయి. నువ్వు తియ్యగుండాయంటివే."

నేను తల దించుకున్నాను. తాగలేదమ్మా, మర్చిపోయినా అన్నాను. ముప్పై ఏళ్ళు కావస్తున్న అబద్ధం నోట్లోంచి బయటికి రావడానికి ఒక్క క్షణం పట్టింది.

"తెలుసులే. ఆ పొద్దు నువ్వు చెప్పేటప్పుడే తెలుసు. మీ జేజి ఉండుంటే పిల్చుకపోయి గొంతుల్లోతు నీళ్ళలో ముంచింటి. పట్టుకునే తీరుగా పట్టుకుంటే ముసలోళ్ళు భయపడరు."

ఆ మధ్యాహ్నమంతా ఆమె నాకు సముద్రం గురించి చెప్పింది. నేను చూసినదే, కానీ ఆమె చెప్పినది నేను చూసింది కాదు. ఒడ్డు దగ్గర నీళ్ళు గోధుమ రంగు, తర్వాత పచ్చన, తర్వాత నీలం, ఆ పైన చెప్పలేని రంగు అంది. అమ్మ ఇప్పుడు లేదు. ఆ ఒక్కసారి తప్ప ఆమె మళ్ళీ సముద్రం చూడలేదు.

హిమజకు ఇదంతా ఆ రోజు చెప్పలేదు. ల్యాప్‌టాప్ మూసి, నీ టికెట్టు కూడా కొను, మీ అత్త దగ్గర నేనుంటాను అన్నాను. అది నవ్వి తీసేసింది. మీ బడి, మామయ్య భోజనం అంది. బడిలో నా సెలవులు మురిగిపోతున్నాయని, మా ఆయనకు వండుకోవడం వచ్చని చెప్పాను. బండిలో ఏడుగురికే చోటు అంది. పెద్ద బండి మాట్లాడు అన్నాను. అప్పుడు అది కాస్త గంభీరమై, మహేశ్ నన్ను రమ్మనే అన్నాడత్తా, నేనే వద్దన్నా అంది. ఎన్నిసార్లు రమ్మన్నాడు అని అడిగాను. ఒక్కసారే అంది. మా నాయన కాలానికీ ఇప్పటికీ జరిగిన మార్పు నాకు అక్కడ కనిపించింది. అప్పుడు ఇంటి ఆడమనిషిని ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నారు, ప్రేమగానే అడుగుతున్నారు. ఆమె వద్దు అనగానే, సరే అని బుకింగుకు కూర్చుంటున్నారు. తక్కువ మార్పేమీ కాదు. కానీ సముద్రం దాకా చేరాలంటే రెండోసారి అడిగేవాళ్ళు కూడా ఒకరుండాలి. ఆ సాయంత్రం నేను మహేశ్‌కు ఫోను చేశాను. హిమజను ఇంకొకసారి అడగమన్నాను. నిజమే పెద్దమ్మా, దారంతా ఆమెకే తెలుసు, నేను ఆ సంగతే ఆలోచించలేదు అన్నాడు.

ఫిబ్రవరిలో వాళ్ళు ఎనిమిది మందీ బయలుదేరారు, నేను కడపకు పోయాను. హిమజ అత్త సరోజమ్మకు మాత్రం నా రాక నచ్చలేదు. నన్ను కనిపెట్టుకునేదానికి కర్నూలు నుంచి మనిషి రావాల్నా, నేనేం పసిబిడ్డనా అని మొదటి రోజు ముఖం తిప్పుకుని కూర్చుంది. నేను ఆమెను కనిపెట్టుకోవడానికి రాలేదని, కడపలో నాలుగు రోజులు ఉండాలనిపించి వచ్చానని చెప్పాను. నమ్మలేదు గానీ మర్నాటికి మెత్తబడింది. పొద్దునా సాయంత్రమూ వాకరు పట్టుకుని వరండాలో ఇరవై అడుగులు నడిచేది, నేను పక్కన నడిచేదాన్ని. సంగటి నేను కెలికితే ఉండలు కట్టిందని, కుర్చీ తెప్పించుకుని పొయ్యి పక్కన కూర్చుని నేర్పింది. మూడో రోజు, హిమజ వెళ్ళదని తెలిసినప్పుడు తనకు బాధగానే ఉండిందని, కానీ పో అంటే కోడలు తనను వదిలించుకుంటున్నానని అనుకుంటుందేమోనని నోరు మూసుకున్నానని చెప్పింది.

ఐదో రోజు మధ్యాహ్నం హిమజ వీడియో కాల్ చేసింది. గాలె దాటి మిరిస్స వైపు పోతూ రోడ్డు పక్కన ఆగారట. తెరంతా నీలిగా ఊగుతోంది. కొబ్బరిచెట్లు నీళ్ళ మీదికి వంగి ఉన్నాయి, పిల్లలు ఎక్కడో అరుస్తున్నారు. చూడత్తా, ఇది చూడు, ఇటు చూడు అని అది ఫోను అటూ ఇటూ తిప్పుతోంది. ఇద్దరం కళ్ళద్దాలు పెట్టుకుని చూశాం.

"సముద్రం బాగుండాది గానీ, ఫోను నీ పక్కకు తిప్పమ్మా. నిన్ను చూస్తాం" అన్నాను.

ఫోను తిరిగింది. జుట్టంతా ముఖం మీదికి కొడుతోంది, ఒక చేత్తో పట్టుకుని ఏదో చెబుతోంది. ముక్కు ఎండకు కందింది. గాలి హోరులో ఒక్క మాట కూడా తెలియడం లేదు.

"ఏమంటాంది?" అని సరోజమ్మ నన్ను అడిగింది.

ఏమో వదినా, వినపడలేదు అన్నాను. ఆమె ఫోను నా చేతిలోంచి తీసుకుని దగ్గరగా పెట్టుకుని, తెర నల్లబడేదాకా చూస్తూ కూర్చుంది.